దాది పేరు లిస్టులో లేదు: మన తండాలు, పెంటల ఓటు చరిత్ర

అన్నలూ అక్కలూ, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, పోస్టు పెద్దగనే ఉంటది. టైం ఉన్నప్పుడు చదవండి, కానీ చివరిదాకా చదవండి.

మేము హాస్టల్ రూంలో ఐదుగురం. ముగ్గురం లంబాడోళ్ళం, ఒకరు చెంచు, ఒకరు ఎరుకల. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల నుంచి వచ్చినోళ్ళం. అందరి ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. 2025 డిసెంబర్‌లో సర్పంచ్ ఎలక్షన్లు వస్తే ఎవరి ఊరికి వాళ్ళం బస్సెక్కినం. తిరిగి వచ్చినాక రాత్రి కూర్చుంటే ఒక్కటే ముచ్చట.

మాలో ఒకరి దాదికి ఓటు లేదన్నరు. ఆమె మాకందరికీ దాదే, హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా జొన్న రొట్టెలు కట్టుకొని వస్తది. పొద్దున్నే స్నానం చేసి, పెట్టెలో దాచిన మంచి చీర కట్టుకొని బడి దగ్గరికి పోయింది. లైన్‌లో గంట నిలబడ్డది. లోపల కూర్చున్నాయన లిస్టు రెండుసార్లు తిప్పి, "పేరు లేదమ్మా" అన్నడు. తర్వాత విచారిస్తే తెలిసింది. అంతకుముందు ఏడాది దాది, తాత పుణే దిక్కు పనికి పోయిన్రు. ఆ నెలల్లోనే ఎవరో ఇంటికి వచ్చి తాళం చూసి, "ఊరు విడిచి పోయిన్రు" అని రాసుకున్నరట. తాత పేరు మాత్రం ఉంది. ఎట్ల ఉందో ఎవరికీ తెలవదు.

దాది ఇంటికొచ్చి ఒకటే మాట అడిగింది: "ఓటు కూడా గుంపు మేస్త్రీయే తీసుకపోయిండా?"

మేము నవ్వినం. తర్వాత నవ్వు ఆగిపోయింది. డిగ్రీ చదువుతున్న ఐదుగురిలో ఒక్కరికీ ఆమెకు జవాబు చెప్పడం రాలేదు. ఓటు మనకు ఎప్పుడు వచ్చింది, ఎవరి చేతిలో ఉంటది, ఎట్ల పోతది? అప్పటినుంచి లైబ్రరీలో, సార్ల దగ్గర, పెద్దోళ్ళ దగ్గర అడిగి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నం.

సంస్థానాల కాలం

మన మూడు జిల్లాల్లో ఒకప్పుడు గద్వాల, వనపర్తి సంస్థానాలు ఉండె. కొల్లాపూర్‌లో జటప్రోలు సంస్థానం, ఆత్మకూరులో అమరచింత సంస్థానం. పైన నిజాం, కింద సంస్థానాధీశులు, ఊళ్ళల్లో దొరలు, పటేల్ పట్వారీలు. వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు అనే మాటే ఆ రాజ్యంలో లేదు. వెట్టి మాత్రం ఉండె. వనపర్తి రాజావారి భవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. మనోళ్ళు చదువుకునే ఆ గదుల్లోకి మన తాతలు చెప్పులతో పోయేటోళ్ళు కాదు.

నల్లమలలో చెంచుల గురించి బయట ప్రపంచానికి మొదట పెద్దగా రాసింది హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు. 1940లో అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ళ మీద పుస్తకం వేసిండు. అంటే మన గురించి పుస్తకం ముందు వచ్చింది, మన ఓటు తర్వాత వచ్చింది. మన బతుకు వేరేవాళ్ళు రాసుకున్నరు, మన మాట అడిగినోళ్ళు లేరు.

ఎరుకల వాళ్ళది ఇంకో కథ. బ్రిటిషోళ్ళు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చిన్రు. ఒక జాతిలో పుట్టడమే నేరం అన్నట్టు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా అది పాకింది. ఎరుకల వాళ్ళ పేర్లు పోలీసు పుస్తకంలో ఎక్కినయి, రోజూ హాజరు వేయించుకోవాలె. ఆ చట్టం పూర్తిగా పోయింది 1952 ఆగస్టు 31న. మా రూంలో ఎరుకల తమ్ముడు ఇది విని అన్న మాట: "అప్పుడు మా పేరు పోలీసు లిస్టులో ఉండొద్దని కొట్లాడినం, ఇప్పుడు ఓటరు లిస్టులో ఉండాలని కొట్లాడుతున్నం."

1952: మొదటి ఓటు

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయినయి. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలైంది. అందులో 326వ అధికరణం అందరికీ ఓటు ఇచ్చింది. చదువు ఉండాలని లేదు, భూమి ఉండాలని లేదు, పన్ను కట్టాలని లేదు. 325వ అధికరణం ఇంకా స్పష్టం: మతం, జాతి, కులం, ఆడ మగ తేడా చూపి ఓటరు లిస్టులో నుంచి ఎవరినీ పక్కన పెట్టొద్దు. అప్పుడు ఓటు వయసు 21. అది 18 అయ్యింది 61వ సవరణతో, 1989లో. మా దాది మొదటి ఓటు వేసినప్పుడు 21 నిండాల్సిందే.

1952లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు జరిగినయి. మొత్తం 175 సీట్లు. మన వనపర్తి నుంచి గెలిచింది సురవరం ప్రతాపరెడ్డి గారు, గోలకొండ పత్రిక నడిపిన ఆయన. మొన్నమొన్నటి దాకా రాజుల పేరు మీద నడిచిన చోట పత్రిక నడిపిన మనిషి ఓట్లతో గెలిచిండు అంటే చిన్న మార్పు కాదు.

కానీ ఒక ముచ్చట గుర్తుపెట్టుకోవాలె. ఓటు ఇచ్చింది ఢిల్లీలో రాసిన రాజ్యాంగం. ఆ ఓటు నిజంగా వేసుకునేటట్టు చేసేది లేదా చెయ్యకుండా ఆపేది మాత్రం చాలా వరకు రాష్ట్రంలో, జిల్లాలో, మండలంలో, ఊళ్ళో జరిగే పని. ఏ ఊరు పంచాయతీ, తండా ఏ వార్డులో పడ్డది, బూత్ ఎక్కడ, లిస్టు ఎవరు రాసిన్రు. మా పోస్టు అంతా ఈ ఒక్క మాట మీదనే.

ఎస్టీ లిస్టు, ఎమ్మెల్యే సీటు

1950లో అమ్రాబాద్, మన్ననూర్, అప్పాపూర్, సార్లపల్లి లాంటి అచ్చంపేట తాలూకా ఊళ్ళు, పెంటలు షెడ్యూల్డ్ ప్రాంతంలో చేరినయి. చెంచులు మొదటినుంచీ ఎస్టీలే. లంబాడోళ్ళ కథ వేరే. 1956లో రాష్ట్రాలు కలిసినప్పుడు ఆంధ్ర దిక్కు సుగాలీలు, లంబాడీలు ఎస్టీలు. తెలంగాణ దిక్కు అదే భాష, అదే పండుగ, అదే తీజ్, కానీ ఎస్టీలు కాదు. తుంగభద్రకు ఇవతల ఒక లెక్క, అవతల ఒక లెక్క. గద్వాల తండా పిల్లకు కర్నూలులో ఉన్న మేనత్త ఎస్టీ, తను కాదు! 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టం ఆ తేడా తీసేసింది. 1977 జులై నుంచి అమలైంది.

ఈ విషయం మీద ఆదివాసీ, లంబాడా సంఘాల మధ్య గొడవ ఉన్నదని మనకు తెలుసు. మా రూంలో కూడా ఒక రాత్రి గట్టిగానే అయింది. దానిని ఇక్కడ తెంపలేం. కానీ పెంటలో అవ్వ పేరు పోయినా, తండాలో దాది పేరు పోయినా, ఇద్దరూ బూత్ నుంచి వట్టి చేతులతోనే తిరిగి వస్తరు. ఈ పనిలో మనం వేరువేరు కాదు.

ఇప్పుడు సీట్ల సంగతి. తెలంగాణలో 119 అసెంబ్లీ సీట్లు. అందులో ఎస్టీలకు 12. ఖానాపూర్, ఆసిఫాబాద్, బోథ్, డోర్నకల్, మహబూబాబాద్, ములుగు, పినపాక, ఇల్లందు, భద్రాచలం, అశ్వారావుపేట, వైరా, దేవరకొండ. వేళ్ళ మీద లెక్కపెట్టండి. మన మూడు జిల్లాల్లో ఒక్కటీ లేదు. అన్నింటికంటె దగ్గరిది దేవరకొండ, అది నల్గొండ జిల్లా. అచ్చంపేట, అలంపూర్ ఎస్సీ సీట్లు. నాగర్‌కర్నూల్ ఎంపీ సీటు కూడా ఎస్సీకే. వాళ్ళకు న్యాయంగా వచ్చినదాన్ని మేము తప్పు పట్టడం లేదు. మనకు ఎందుకు లేదో తెలుసుకోవాలని చెబుతున్నం. డీలిమిటేషన్ చట్టం ప్రకారం ఎస్టీ సీట్లు జనాభాలో మన వాటా అన్నింటికంటె ఎక్కువ ఉన్న చోట్ల పెడతరు. మనం ఇక్కడ తండాకొకరు, పెంటకొకరు, గుట్టకొకరు విడివిడిగా ఉన్నం. మొత్తం కలిపితే చాలామందిమి. ఒక్క నియోజకవర్గంలో చూస్తే తక్కువమందిమి.

అందుకే మన ఓటుకు నిజమైన బలం ఉన్నది కింద, పంచాయతీలో.

మా తండాలో మా రాజ్యం

1993లో 73వ సవరణ వచ్చింది. పంచాయతీల్లో ఎస్టీలకు జనాభా లెక్కన సీట్లు, ఐదేళ్ళకోసారి ఎన్నిక తప్పనిసరి. 1996లో పెసా చట్టం వచ్చింది. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో పంచాయతీ పెద్ద పదవులన్నీ ఎస్టీలకే. 2010లో సుప్రీంకోర్టు కూడా అది సరే అన్నది.

కానీ మైదానంలో ఉన్న తండా సంగతి ఏంది? మా తండాలు చాలా ఏండ్లు పెద్ద ఊరికి తోక లెక్కనే ఉండె. ఊళ్ళో మూడు వేల ఓట్లు, తండాలో మూడు వందలు. నల్లా ఊరికి వచ్చేది, లైటు ఊరికి వచ్చేది, తండాకు ఎలక్షన్ నాడు జీపు వచ్చేది. ఓటు ఉంది, కానీ మన ఓటుతో ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు. "మా తండాలో మా రాజ్యం" అనే నినాదం అక్కడినుంచే పుట్టింది. 2018లో తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం వచ్చి, వెయ్యికి పైగా తండాలు సొంత పంచాయతీలైనయి. రాష్ట్రంలో పంచాయతీలు 12,751కి చేరినయి. 2019 జనవరిలో ఎన్నికలు. మాలో ఇద్దరి తండాల్లో మొదటిసారి మనోళ్ళే సర్పంచ్. అప్పుడు మేము ఎనిమిదో తరగతి పిల్లలం. పంచాయతీ ఆఫీసు బోర్డు మీద మన తండా పేరు పెయింట్ వేస్తుంటే చూసుకుంట నిలబడ్డ రోజు ఇప్పటికీ యాదికి ఉంది.

అంతా బాగైందని కాదు. ఆ చట్టం ప్రకారం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ కూడా సంతకం పెట్టాలె. సర్పంచ్ మనోడు, ఉప సర్పంచ్ వేరే పెద్దమనిషి అయితే పైసలు కదలాలంటే ఎవరి గడప ఎక్కాలో మీకు చెప్పే పని లేదు. ఇంకొకటి, 2024 ఫిబ్రవరి మొదట్లో ఆ సర్పంచ్‌ల పదవీకాలం అయిపోయింది. రాజ్యాంగం ప్రకారం అప్పటికే కొత్త ఎన్నికలు కావాలె. కాలేదు. రిజర్వేషన్ల లెక్కలు, కోర్టు కేసులు, ప్రత్యేకాధికారుల పాలన. 2025 జూన్‌లో హైకోర్టు గడువు పెట్టింది. చివరికి డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతల ఎన్నికలు జరిగినయి. దగ్గర దగ్గర రెండేళ్ళు మన తండాకు మన సర్పంచ్ లేడు. ఓటు తీసెయ్యకుండానే, ఎలక్షన్ పెట్టకుండా కూడా ఓటు ఆగుతది అని అప్పుడు తెలిసింది.

సముద్రం అవతల మనలాంటోళ్ళు

ఇది మన దగ్గర ఒక్కటే అనుకోవద్దు. అమెరికాలో ఆదివాసులకు 1924లో పౌరసత్వం ఇచ్చిన్రు. ఓటు మాత్రం రాష్ట్రాల చేతిలో పెట్టిన్రు. అరిజోనా రాష్ట్రం "మీరు ప్రభుత్వం సంరక్షణలో ఉన్నోళ్ళు, పిల్లల్లాంటోళ్ళు, ఓటు లేదు" అన్నది. ఫ్రాంక్ హారిసన్, హ్యారీ ఆస్టిన్ అనే ఇద్దరు ఆదివాసులు కేసు వేసి 1948లో గెలిచిన్రు. హారిసన్ రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చినోడు. అదే ఏడాది న్యూ మెక్సికోలో మిగెల్ ట్రుహియో అనే టీచర్ ఇంకో కేసు గెలిచిండు.

నల్లజాతి వాళ్ళ పోరాటం మనలో చాలామందికి తెలుసు. 1965 మార్చి 7న సెల్మా వంతెన మీద పోలీసులు తలలు పగలగొట్టిన వాళ్ళలో జాన్ లూయిస్ ఒకడు. వయసు 25. విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చినోడు. ఆ రక్తం మీదనే అదే ఏడాది ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చింది. వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నియమం ఏది మార్చాలన్నా ముందే కేంద్రం అనుమతి తీసుకోవాలని ఆ చట్టం పెట్టింది. 2013లో వాళ్ళ సుప్రీంకోర్టు ఆ కట్టు విప్పేసింది. అప్పుడు జనం ఏం చేసిన్రంటె, రాష్ట్రాల్లోనే సొంత ఓటు హక్కుల చట్టాల కోసం కొట్లాడిన్రు. 2022లో న్యూయార్క్ తన చట్టానికి జాన్ లూయిస్ పేరే పెట్టుకున్నది.

మమ్మల్ని అన్నింటికంటె పట్టుకున్నది నార్త్ డకోటా కథ. ఓటు వెయ్యాలంటే గుర్తింపు కార్డు మీద వీధి పేరు, ఇంటి నంబరు ఉండాలని ఆ రాష్ట్రం నియమం పెట్టింది. ఆదివాసీ గూడేల్లో చాలా ఇండ్లకు వీధి పేరే లేదు, పోస్టు పెట్టె నంబరే అడ్రస్. 2018 ఎన్నికల ముందు సుప్రీంకోర్టు కూడా ఆ నియమాన్ని ఆపలేదు. అప్పుడు తెగల వాళ్ళే రాత్రింబవళ్ళు కూర్చొని, ఇండ్లకు అడ్రస్‌లు పెట్టి, ఫ్రీగా కార్డులు అచ్చేసి ఇచ్చిన్రు. ఆ తర్వాత ఏడాది వాషింగ్టన్ రాష్ట్రం, ఇంటి నంబరు లేని ఆదివాసులు వేరే విధంగా అడ్రస్ చూపి ఓటు నమోదు చేసుకోవచ్చని చట్టమే చేసింది.

ఇది చదివినప్పుడు మా చెంచు తమ్ముడు ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత అన్నడు: "మా పెంటలో ఇంటి నంబర్లు ఎక్కడియి?"

మన ఓటు పోయే దారులు

మేము తెలుసుకున్నదాన్ని బట్టి మన ఓటు నాలుగు దారుల్లో పోతది.

ఒకటి, లిస్టు. పాలమూరు వలస అందరికీ తెలుసు. ఇంటికి తాళం అంటే ఊరు విడిచినట్టు కాదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ప్రకారం కొన్ని రోజులు పనికి పోయినంత మాత్రాన సొంతూరి ఓటు పోదు. నోటీసు ఇవ్వకుండా, మాట వినకుండా ఉన్న పేరు తీసెయ్యొద్దని 1995లోనే సుప్రీంకోర్టు లాల్ బాబు హుస్సేన్ కేసులో చెప్పింది. 2025 జూన్‌లో ఎన్నికల కమిషన్ దేశమంతటా ఓటరు లిస్టుల ప్రత్యేక సవరణ చేస్తమని చెప్పి బీహార్‌తో మొదలుపెట్టింది. అక్కడ ముసాయిదా లిస్టులో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. అందులో సుమారు 36 లక్షల మందికి రాసిన కారణం "వేరే చోటికి వెళ్ళిపోయారు లేదా దొరకలేదు". బీహార్ వలస జిల్లాలకూ మన పాలమూరుకూ ఏం తేడా ఉంది? ఆ పేర్లు, కారణాలు బయట పెట్టండని సుప్రీంకోర్టు ఆగస్టులో చెప్పాల్సి వచ్చింది.

రెండు, బూత్. ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడవొద్దనేది కమిషన్ పెట్టుకున్న లెక్క. అడవిలో పెంటలకు ఆ లెక్క ఎంత దూరమో మనకు తెలుసు. కావాలనుకుంటె కుదురుతది కూడా. గ్రేట్ నికోబార్ దీవిలో షోంపెన్ తెగ వాళ్ళు 2024 లోక్‌సభ ఎన్నికల్లో మొదటిసారి ఓటేసిన్రు. వేసింది ఏడుగురే.

మూడు, వార్డు. పంచాయతీ ఎన్నికలకు అసెంబ్లీ లిస్టునే వార్డుల కింద విడగొడతరు. తండాను రెండు మూడు వార్డుల్లో పంచితే ఏ వార్డులోనూ మన బలం నిలబడదు. ఇది ఎవరూ గొడవ చెయ్యని పని, ఎందుకంటె ముసాయిదా గోడకు అంటించినప్పుడు మనం చదవం.

నాలుగు, నేల. పులుల అభయారణ్యం పేరు మీద సార్లపల్లి, కుడిచింతలబైలు లాంటి చోట్ల తరలింపు మాట నడుస్తోంది. ప్యాకేజీ ఎంత అనేది అందరూ మాట్లాడతరు. షెడ్యూల్డ్ ప్రాంతం దాటి బయటికి వస్తే పెసా ఉండదు, ఎస్టీకే సర్పంచ్ అన్న హామీ ఉండదు. ఈ సంగతి గ్రామసభలో అడిగేటోళ్ళు కావాలె. వెళ్ళాలా వద్దా అనేది అక్కడి చెంచు పెద్దలే తేల్చుకోవాలె. కానీ అన్నీ తెలిసి తేల్చుకోవాలె.

మనం చెయ్యగలిగేది

పెద్ద మాటలు వద్దు. సెలవుకు ఇంటికి పోయినప్పుడు చెయ్యగలిగిన పనులే రాస్తున్నం. తండాలో, పెంటలో ఓటరు లిస్టు ఒక కాపీ తీసుకొని ఇల్లిల్లూ తిరిగి చూడాలె. పేరు లేకపోతే ఫారం 6, అడ్రస్ మారినా తప్పు పడ్డా ఫారం 8. ఎవరైనా మన పేరు తీసెయ్యమని ఫారం 7 పెడితే నోటీసు అడగాలె. 17 దాటిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ముందుగానే అప్లై చెయ్యొచ్చు. ఏడాదికి నాలుగు తేదీలున్నయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. హాస్టల్‌లో ఉన్నోళ్ళు ఇక్కడైనా ఊళ్ళోనైనా ఒక్కచోటే ఉంచుకోవాలె. రెండుచోట్ల ఉంటే తప్పు. వలస పోయే ఇంటివాళ్ళ పేర్లు ముందే రాసిపెట్టుకొని, లిస్టు సవరణ మొదలు కాగానే బీఎల్ఓ దగ్గర మనమే నిలబడాలె. 2027 జనాభా లెక్కల్లో ఒక్క ఇల్లు కూడా తప్పొద్దు. రేపటి సీట్ల లెక్క అక్కడినుంచే మొదలైతది.

మా ఐదుగురం సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టినం. ఒక తండాలో పదకొండు పేర్లు దొరకలేదు. అందులో తొమ్మిది పుణే, ముంబై పనికి పోయినోళ్ళవే. దాదికి ఫారం 6 మేమే నింపినం. సంతకం దగ్గర వేలిముద్ర పెట్టి, ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలోనే పట్టుకున్నది. "మళ్ళీ ఎలక్షన్ ఎప్పుడు?" అని అడిగింది. చెప్పినం.

"అప్పటిదాకా పనికి పోవచ్చా మరి?" అన్నది.

పో దాది, పో. మనిషి పనికి పోతే ఓటు పోవద్దు. అది చూసుకోవడానికే మేము చదువుకుంటున్నం.

జై సేవాలాల్. జై ఆదివాసీ. తప్పు రాసి ఉంటే పెద్దోళ్ళు సరిచెయ్యండి, మీ ఊరి సంగతి కూడా రాయండి.